గడీలు, తోటలు: ఒక యాత్రా ప్రణాళిక

సెలవులు సమీపించినప్పుడు మన ఇండ్లలో యాత్రల ప్రస్తావన వచ్చుట పరిపాటి. పెద్దలు తిరుపతి అందురు, పిల్లలు మైసూరు అందురు. మైసూరు రాజభవనమును, బృందావనోద్యానమును చూచివచ్చి, అచటి దీపాలంకారములను ఏండ్ల తరబడి వర్ణించువారు మన ఇరుగుపొరుగున కలరు. కాని కరీంనగరము, ఆదిలాబాదు సీమలలోనే పాత ఇండ్లను, పాత తోటలను చూచుటకు ఒక వారము కేటాయింపవచ్చునని చెప్పినచో వినువారు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. వేములవాడ, ధర్మపురి, కాళేశ్వరము, బాసర మున్నగు క్షేత్రములు వారెరిగినవే. గుళ్లు సరే, చూడదగిన ఇండ్లెక్కడివి అని ప్రశ్నింతురు.

ఇండ్లున్నవి. ఉత్తర తెలంగాణములో పెక్కు గ్రామముల నడుమ, చుట్టునున్న పెంకుటిండ్లను మించి లేచి నిలిచిన ఎత్తైన గోడయొకటి కనిపించును. దానిని గడి అందురు. దేశముఖులు, దేశపాండ్యులు, మక్తాదారులు, పలుకుబడిగల పటేలు పట్వారీలు నివసించిన ఇండ్లవి. కోటకు, ఇంటికి నడుమనున్న ఒక కట్టడము గడి. గోడకు మూలలందు బురుజులుండును. ఎండ్లబండి లోనికి పోవునంత వెడల్పైన దర్వాజ, దాని రెక్కలకు ఇనుప గుబ్బలు, ఒక రెక్కలో మనిషి వంగి దూరునంతటి చిన్న తలుపు. వంగనిదే ఎవడును లోనికి పోజాలడు. ఆ ఏర్పాటులోనే ఆ ఇంటి ఏలుబడి యావత్తు కానవచ్చును. లోన మొదట కచేరి. ఊరి తగవులు, శిస్తు లెక్కలు అచటనే తేలెడివి. దాని వెనుక భవంతి, అనగా నడుమ ఆకాశము కనిపించునట్లు విడిచి చుట్టు టేకు స్తంభములపై నిలిపిన వసారాలుగల ఇల్లు. కోస్తా జిల్లాలవారు దీనిని మండువా లోగిలి అందురు. భవంతికి ఒకవైపు వడ్లు నింపు గాదెలు, మరియొకవైపు పశువుల కొట్టములు. అన్నింటికి వెనుక పెరడు, మోటబావి, ఆ బావి నీట బ్రతికిన నిమ్మ, జామ, సీతాఫలపు చెట్లు. మన గడీ తోట యనగా ఇదియే. మొగలు ఉద్యానములవలె నీటి కాలువలు, పచ్చిక తివాచీలు ఇందు వెదకరాదు. మల్లెపందిరి దేవుని పూజకొరకు, కరివేపచెట్టు వంటకొరకు, ఊరి వెలుపలి మామిడితోట పచ్చళ్లకొరకు. అందము కొరకే పెంచిన మొక్క అరుదు.

ఇట్టి ఇండ్ల యాత్ర మన దేశమున కొత్త ఊహయే గాని ప్రపంచమున కొత్త కాదు. ఇంగ్లండు దేశమున పాత భవనములను, ఉద్యానములను రక్షించుటకు నేషనల్ ట్రస్టు అను సంస్థ 1895లోనే ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము వారసత్వపు పన్నుల బరువు మోయలేక అచటి ప్రభువులు తమ భవనముల తలుపులు ప్రజలకు తెరువసాగిరి. లాంగ్లీట్ అను గొప్ప భవనమును 1949లో దాని యజమానియైన బాత్ ప్రభువు టిక్కెట్టు పెట్టి ప్రజలకు చూపనారంభించెను. చిత్రమేమనగా, మన హైదరాబాదు సంస్థానమున జాగీర్దారీ రద్దు శాసనము వచ్చినదియు ఆ 1949వ సంవత్సరముననే. అచట ప్రభువు టిక్కెట్టు అమ్మి ఇల్లు నిలుపుకొనెను. ఇచట జాగీరు పోయినను గడి తలుపు తెరువబడలేదు. గడీల దొరలలో పెక్కుమంది జాగీర్దారులు కారు. వారి బలము దివాణీ గ్రామములలోని పట్టా భూములు, వతను హక్కులు, వడ్డీ లెక్కలు. కనుక ఆ శాసనము వారి గడపను పెద్దగా తాకలేదు.

గడి తలుపును కదలించినది వేరొకటి. అది చెప్పక ఈ యాత్రకు బయలుదేరుట యుక్తము కాదు. ఈ గోడలు వెట్టిచాకిరితో లేచిన గోడలు. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి, కమ్మరి తమ తమ పనులను కూలి లేకుండ చేయవలెను. గొల్లలు గొర్రెపిల్లను, సాలెవారు బట్టను ఇయ్యవలెను. సుంకరి, నీరడి, బేగారి రాత్రింబవళ్లు దర్వాజవద్ద పడియుండవలెను. 1978 సెప్టెంబరులో జగిత్యాల పట్టణమున వేలాది రైతుకూలీలు ఊరేగింపు తీసినారు. జగిత్యాల జైత్రయాత్రగా అది ప్రసిద్ధి చెందినది. వెట్టి మానుట, బంజరు భూముల పంపకము, కూలి పెంపు వారి కోరికలు. కొలది వారములకే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. ఆ పిమ్మట దొరలు ఒకరి తరువాత ఒకరు గడీలకు తాళములు వేసి కరీంనగరమునకో, హైదరాబాదునకో తరలిపోయినారు.

తాళము వేసిన ఇల్లు ఎట్లు కూలునో గమనింపదగిన విషయము. గడి గోడ చూచుటకు రాతిగోడయైనను, దాని కడుపులో తరచుగా మట్టి యుండును. రాళ్లను అతికినది డంగు సున్నము. గుండ్రని రాతికాలువలో ఎద్దులు తిప్పు రాతిచక్రము క్రింద ఇసుకతో నలిగిన సున్నమునకు బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపిన మిశ్రమమది. గట్టిదనమున దానికి సాటి లేదు గాని దానికి పైకప్పు అండ కావలెను. ఏటేట పెంకులు సవరింపనిచో కోతి నడిచినచోట ఒక పెంకు జారును. ఆ సందున వాననీరు వాసముపై బడి, వాసము పుచ్చి, దూలమునకు దిగును. దూలము వంగగానే గోడతల తెరచుకొని నీరు లోపలి మట్టిని త్రాగును. పది పదిహేను వానకాలములలో, నూరేండ్లు నిలిచిన గోడ ఒక రాత్రి కూలును. ఇక మనుషులు చేయు హానియు తక్కువ కాదు. టేకు స్తంభములను ఊడదీసి అమ్ముకొన్నవారు కొందరు. గుప్తనిధి యున్నదని కచేరి నడుమ గోతులు త్రవ్వినవారు కొందరు. పాఠశాలగానో, పంచాయితీ కార్యాలయముగానో వాడబడిన గడీలు మాత్రము కొంత మేలుగా నిలిచినవి. మనుషులు మసలు ఇంట పెంకు జారినచో చూచు దిక్కుండును.

ఇవి కూలిపోనిండు, అవి మా అవమానముల గుర్తులు అనువారు ఆ గ్రామములలోనే కలరు. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. మరికొందరు వానిని బాగుచేసి విలాసపు వసతిగృహములుగా మార్చవలెనని, తలపాగ చుట్టిన నౌకర్లతో అతిథులను పలుకరింపవలెనని ఉత్సాహపడుదురు. నాకు ఈ రెండవ ఊహ మొదటిదానికంటె కష్టముగా తోచును. జగిత్యాల ప్రాంతమున ఒక గడి ముందర నిలిచి నేను దర్వాజ చెక్కడపు పనిని మెచ్చుకొనుచుండగా, ప్రక్కయింటి వృద్ధురాలు ఒకతె, బిడ్డా, ఇటు రా యని నన్ను వెనుకకు కొనిపోయి, పెరటిగోడలో ఒక కంత చూపినది. తమవారు లోనికి పోయిన త్రోవ అది యట. ఆ గోడకు తన తండ్రి మన్ను మోసెనని, కూలి ముట్టలేదని చెప్పినది. అయినను గోడ కూలుచున్నందుకు ఆమెకు సంతోషము లేదు. గోడ పోయిన పిమ్మట ఆ కంత యుండెనని ఎవరు నమ్ముదురని ఆమె బాధ. ఆనాటినుండి ఏ గడి చూచినను ముందు దర్వాజను, పిదప వెనుక త్రోవను చూచుట నాకు అలవాటైనది. మీరును అట్లే చేయుడని నా మనవి.

ఇక ప్రయాణము. ఈ సీమ 2016 అక్టోబరు 11న పలు చిన్న జిల్లాలుగా విభజింపబడినది. పూర్వపు కరీంనగరమునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, పూర్వపు ఆదిలాబాదునుండి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలును ఏర్పడినవి. దారులు అడుగునప్పుడు కొత్త పేర్లు, ముసలివారిని చరిత్ర యడుగునప్పుడు పాత పేర్లు వాడినచో పని సులువగును. ఆరు రోజులు చాలును. మాఘమాసము మేలు. వానకాలమున జలపాతములు నిండుగా నుండునేగాని పాత కప్పుల క్రింద నిలుచుట ప్రమాదము. వేసవిలో పిల్లలు ఎండకు తాళలేరు. మాఘ ఫాల్గుణములలో అడవి ఆకు రాల్చి మోదుగుపూలు పూయును. గోడలపై తీగలు ఎండి రాతిపని స్పష్టముగా కనబడును. పాములును అంతగా తిరుగవు.

మొదటిరోజు కరీంనగరమునుండి సిరిసిల్ల దారిలో ఎలగందుల. పాతపేరు వెలగందుల. నేడు కోటక్రింద ఒక చిన్న గ్రామముగానున్న ఈ ఊరు ఒకప్పుడు జిల్లాకు ముఖ్యపట్టణము. 1905లో ఆ హోదా కరీంనగరమునకు పోయినది. కరీంనగరమునకు ఆ పేరు ఎలగందుల కిల్లేదారైన సయ్యద్ కరీముద్దీను వలన వచ్చినదని చెప్పుదురు. కాకతీయుల కాలమునుండి ఆసఫ్‌జాహీల వరకు ఐదు రాజవంశములు ఈ కొండను ఏలినవి. 1754లో జఫరుద్దౌలా కట్టించిన మసీదు మీనారులలో ఒకదానిని ఊపినచో రెండవది కదలునని ప్రసిద్ధి. మీరు ఊపి చూడవలదు. అన్ని తరముల యాత్రికులు తలకొకసారి పరీక్షించిన ఫలితము ఆ కట్టడముపై కనిపించుచునే యున్నది. కొండపైనుండి చూచినచో మానేరు నీరు దిగంతము వరకు పరచుకొనియుండును. 1985లో పూర్తియైన దిగువ మానేరు జలాశయమది. ఎగువన మధ్యమానేరు జలాశయము క్రింద అనుపురము, రుద్రవరము, కొదురుపాక మున్నగు ఊళ్లు మునిగినవి. ఇండ్లను చూచుటకు బయలుదేరిన మనకు నీటి అడుగుననున్న ఇండ్లును లెక్కలోనివే.

అచటినుండి వేములవాడ. గుడి దర్శనమైన పిదప, సమీపముననే యున్న హనుమాజీపేటకు పోవచ్చును. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందిన డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు 1931లో జన్మించిన గ్రామమిది. ఒగ్గుకథా గాయకుడు మిద్దె రాములుగారి ఊరును ఇదియే. ఒకే గ్రామమున అట్టి కవి, ఇట్టి జానపద గాయకుడు వెలయుట విశేషము. చూచుటకు పెద్ద భవనము లేకున్నను, ఆ వీధులలో ఒక అరగంట నడచుట నష్టము కాదు.

రెండవరోజు హుజూరాబాదు దారి. మొలంగూరు కొండ కాకతీయుల నాటి కోట. కొండ యెక్కు ఓపిక లేనివారు పాదముననున్న దూద్‌బావిని చూచి తృప్తి పడవచ్చును. నీరు పాలవలె తెల్లగా నుండుటచే ఆ పేరు. ఈ నీటిని నిజాము ప్రభువునకు పంపెడివారని స్థానికులు గర్వముగా చెప్పుదురు. పిమ్మట వంగర. పూర్వపు కరీంనగరము జిల్లాలోని ఈ గ్రామము నేడు హనుమకొండ జిల్లాలో చేరినది. పాములపర్తి వేంకట నరసింహారావుగారు దత్తపుత్రుడై వచ్చి పెరిగిన ఇల్లు ఇచట కలదు. 1971 నుండి 1973 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా భూపరిమితి సంస్కరణలకు పూనుకొని, ఆ కారణమున భూస్వాముల ఆగ్రహమునకు గురియైన నాయకుడు భూస్వామి ఇంటనే పెరిగినవాడగుట గమనింపదగినది. 1991లో ప్రధానమంత్రియైన ఆయనకు భారతరత్న బిరుదము మరణానంతరము 2024లో వచ్చినది. వంగరకు చేరువనున్న ముల్కనూరులో 1956లో ఆరంభమైన సహకార గ్రామీణ బ్యాంకును చూచినచో, గ్రామమునకు దొర గాదెలు తప్ప గతిలేని కాలము ఎట్లు గడచినదో కొంత బోధపడును.

ఈ దారిలోనే మరియొకరిని స్మరింపవలెను. కరీంనగరమునకు దాపుననున్న పోలంపల్లి దేశముఖు వంశమున జన్మించిన అనభేరి ప్రభాకరరావుగారు గడి బ్రతుకును వదలి సాయుధపోరాటమున చేరినాడు. ఊరూర పటేలు పట్వారీల దస్తావేజులను తగులబెట్టించుచు, 1948 మార్చి 14న మహమ్మదాపురము గుట్టలలో తన సహచరులతో కూడ నిజాము బలగముల కాల్పులలో మరణించినాడు. గడీలన్నియు ఒకే తీరు మనుషులను పెంచలేదు. యాత్రికుడు ఈ మాట మరువనిచో తీర్పులు చెప్పుటలో కొంత నిదానించును.

మూడవరోజు తూర్పునకు, గోదావరి ఒడ్డుననున్న మంథని. దారిలో రామగిరి కొండ యగపడును. కోటగోడలకంటె ఈ కొండకు ఓషధుల వలన పేరు వచ్చినది. మూలికలు తెలిసినవారికి ఇది తోటయే. నాటిన తోటమాలి లేడు, అంతే భేదము. శ్రావణమాసమున జనము గుంపులుగా ఎక్కుదురు. మంథని వేదపండితుల ఊరు. ఇచట గడికి పూర్తిగా భిన్నమైన ఇల్లు చూడవచ్చును. వీధికి ఆనుకొని అరుగు, అరుగు దాటగానే భవంతి. బురుజు లేదు, దర్వాజకు గుబ్బలు లేవు. టేకు స్తంభముల నడుమ పిల్లలు కూర్చుండి స్వరముతో వల్లెవేసిన వసారాలివి. ఇంటిగోడలు ఒకదానినొకటి ఆనుకొనియున్నందున ఒక ఇల్లు కూలినచో ప్రక్కయిల్లు బీటలు వారును. పాతవి పడగొట్టి కాంక్రీటు మేడలు కట్టుచున్నారు. ఇండ్లలో నివసించువారి సౌకర్యమును కాదని మనము పాత స్తంభములకొరకు పట్టుబట్టజాలము. అయినను ఈ వీధులను చూడదలచినవారు మరి పదేండ్లు ఆగరాదు. సాయంకాలము గౌతమేశ్వరాలయమువద్ద రేవులో కూర్చున్నచో నదిగాలికి అలసట తీరును.

నాల్గవరోజు జగిత్యాల, ధర్మపురి. జగిత్యాల కోట నక్షత్రాకారమున, చుట్టు కందకముతో నున్నది. 1747లో ఇబ్రాహీం ఖాను కొరకు ఫ్రెంచి యింజనీర్లు కట్టినారని, జాక్, తాల్ అను వారి పేర్లు కలసి ఊరిపేరైనదని చెప్పుదురు. పేరు కథ వినుటకు బాగున్నది గాని ఊరిపేర్లకు ఇట్టి కథలు అల్లుట మనవారికి ఎప్పుడును అలవాటే. కోట ఆకృతి మాత్రము నిజముగా ఐరోపా పద్ధతి. ఫిరంగిగుండు తగిలినపుడు తట్టుకొనుటకు బురుజులను గుండ్రముగా గాక కోణములుగా తీర్చినారు. ఈ సీమ నేడు మామిడికి పెట్టినది పేరు. వేసవి ముందర పోయినచో దారికి రెండువైపుల తోటలు పూతతో నుండును. ధర్మపురి నరసింహస్వామి క్షేత్రము. నరసింహ శతకకర్త శేషప్పకవి నివసించిన ఊరు. నదివైపు పోవు ఇరుకు వీధులలో పాత అరుగుల ఇండ్లు ఇంకను కొన్ని మిగిలియున్నవి.

ఒకరోజు అదనముగా దొరికినవారు కామారెడ్డి వైపునున్న దోమకొండకు పోవలెను. అది పూర్వపు నిజామాబాదు జిల్లాలోనిదైనను సిరిసిల్ల మీదుగా దారి కలదు. బాగుచేసిన గడి ఎట్లుండునో చూచుటకు దానికి మించిన ఉదాహరణము సమీపమున లేదు. సంస్థానాధీశుల వంశీయులు పాత సున్నపుపనిని పాత పద్ధతిలోనే ఓపికతో చేయించినారు. 2022లో ఆ కోటకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. కోటలోనే కాకతీయుల కాలపు మహాదేవాలయము కలదు. సిమెంటు పూయక, రంగులు మార్చక పాత గోడను నిలుపవచ్చునని అచట కన్నులార కనబడును.

ఐదవరోజు మెట్‌పల్లి మీదుగా గోదావరి దాటి నిర్మల్ చేరవలెను. శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ అను కోటలలోను ఫ్రెంచి పద్ధతి కానవచ్చును. ఒకప్పుడు ఇచట పోతపోసిన ఫిరంగులు నిజాము సైన్యమునకు పోయెడివి. ఫిరంగులు పోయినవి, బొమ్మలు మిగిలినవి. తేలికైన పొనికిచెక్కను చెక్కి, రంపపుపొట్టును చింతగింజల అంబలితో కలిపి అతికి, రంగులు వేయు నకాషీల పనితనము చూచుటకు ఒక పూట చాలదు. పిల్లలు ఈ పూటకొరకే ఆరురోజులు ఓర్చుకొందురు.

నిర్మల్‌లో ఒక మర్రిచెట్టు కథ వినిపించును. 1860లో ఆంగ్లేయులకు, నిజాముకు ఎదురు తిరిగిన రాంజీ గోండును, వేయిమంది అనుచరులను ఆ మర్రికి ఉరితీసిరని జనశ్రుతి. దానిని వేయి ఉరుల మర్రి యనిరి. చెట్టు నేడు లేదు. ఉద్యానములలో పూవుల పేర్లు వ్రాసిన పలకలు చూచుటకు అలవాటుపడిన మనకు, లేని చెట్టుకు ప్రజలు ఇంతకాలము పేరు నిలుపుకొనుట ఆశ్చర్యము కలిగించును.

ఆరవరోజు అడవిదారి. నేరడిగొండవద్ద కుంటాల జలపాతమును చూచి, గుడిహత్నూరు, ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు, అచటినుండి జైనూరు. దారిలో కేస్లాపూరున మెస్రం వంశీయుల నాగోబా ఆలయము కలదు. వారు తమ చందాలతో నిర్మించుకొన్న కొత్త రాతిగుడి 2022లో ప్రారంభమైనది. పుష్యమాసపు అమావాస్యకు జాతర. ఇంతవరకు మనము చూచిన ఇండ్లు రాతివి, సున్నపువి. ఇచట గోండుల ఇల్లు కొయ్యగుంజలు, వెదురు తడికెలు, మట్టిపూత. నూరేండ్లు నిలుపవలెనను ఆశతో కట్టినది కాదు. కనుక దాని ప్రాచీనతను గోడల వయస్సుతో కొలువరాదు, అది నిలిచిన నేల వారికి దక్కుటతో కొలువవలెను. గ్రామము చుట్టునున్న ఇప్పచెట్లే వారి తోట. ఎండకాలపు తొలిదినములలో తెల్లవారకముందే రాలిన పూలను ఏరుకొని, ఎండబెట్టి, ఏడాది పొడుగున వాడుకొందురు. అట్టి నేలను అడవిశాఖ హద్దురాళ్లు మ్రింగివేయగా, గుడిసెలు తగులబడగా, కుమ్రం భీం తిరుగుబాటు చేసి 1940లో జోడేఘాట్‌వద్ద నిజాము పోలీసుల కాల్పులలో నేలకొరిగినాడు.

ఆ ఘటన పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని పరిశీలింప నియమించినది క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని. ఆయనయు, భార్య ఎలిజబెత్తును మార్లవాయి గ్రామమున గోండుల ఇండ్ల నడుమ ఒక గుడిసె వేయించుకొని నివసించినారు. నా దృష్టిలో ఈ యాత్రలో చూడవలసిన చారిత్రక గృహములలో ముఖ్యమైనది ఆ గుడిసె నిలిచిన చోటు. దానికి దర్వాజ లేదు, కచేరి లేదు. అయినను గోండులు తమ నేలనుగూర్చి చెప్పిన మాట వ్రాతరూపము దాల్చి హైదరాబాదు చేరినది అచటినుండియే. దాని ఫలితముగా వేలాది ఎకరములకు గోండులు, కోలాములు పట్టాలు పొందినారు. 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము తెరిచి, నాగరి లిపిలో గోండి వాచకములు సిద్ధము చేసినారు. అనేక గడీలలో లెక్కలు వ్రాయుట వచ్చిన ఒకే ఒక చేయి పట్వారిదిగా నున్న కాలమున, అడవి నడుమ ఒక గ్రామము తన భాషలో తన పిల్లలకు అక్షరములు నేర్పుకొన్నది.

ఎలిజబెత్తు 1987లో మరణింపగా ఆమె కోరిక మేరకు మార్లవాయిలో సమాధి చేసినారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండనులో మరణించినాడు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచినారు. ఏటేట వర్ధంతినాడు గ్రామస్థులు అచట పూజ చేయుదురు. గుస్సాడీ నృత్యమునకు 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజుగారిదియు ఈ ఊరే. ఆయన 2024లో పరమపదించినారు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి విరమింతును. తాళమువేసిన గడిలోనికి గోడదూకి పోరాదు. పంచాయితీవారిని అడిగినచో తాళముచెవి ఎవరివద్దనున్నదో చెప్పుదురు. కప్పు వంగిన వసారాలలో పిల్లలను నిలుపవలదు. చేతిదీపము, త్రాగునీరు వెంట నుండవలెను. ఉట్నూరు దాటిన పిమ్మట మంచి భోజనశాలలు అరుదు, కనుక సద్ది కట్టుకొనుట మేలు. గోండు గ్రామములలో అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు. గడి చూచునప్పుడు పెద్దవారెవరైన కూడ వచ్చినచో వారిని ముందు నడువనిండు, మీరు వెనుక నడువుడు. మార్లవాయినుండి కెరమెరి ఘాటుదారిన జోడేఘాట్‌లోని భీం స్మారకమును, సంగ్రహాలయమును చూచి, చీకటి పడకముందే ఆసిఫాబాదు చేరవలెను. ఘాటు మలుపులు రాత్రివేళ కొత్తవారికి తగవు. ఆసిఫాబాదునుండి మంచిర్యాలకు మంచిదారి కలదు. 1929లో పూర్తియైన కాజీపేట బల్లార్షా రైలుమార్గముపై నున్న ఊరగుటచే మంచిర్యాలలో రాత్రిబండి ఎక్కినచో తెల్లవారుసరికి హైదరాబాదులో దిగవచ్చును.